రబ్బరు పట్టీల కింద నెంబరు

ముసలి బండ్లకు జరిగే మర్యాద చూడాలంటే మా షెడ్డుకు రావాలి. యాభై ఏండ్ల కిందటి మోటరుసైకిళ్లు మా దగ్గరికి వస్తాయి. బండ్లంటే బండ్లు కావు, వాటి ఎముకలు. ఇంజను, చక్రాలు, సీటు ఎక్కడో విప్పి పెట్టుకొని, ఒట్టి ఫ్రేమును ట్రాలీ ఆటోలో దుప్పటి కప్పి తెస్తారు. దింపేటప్పుడు నలుగురు పట్టుకొని "పైలం, పైలం" అంటారు. నేను మొదటి రోజు పనికి వచ్చినప్పుడు ఆటోవాడు నన్ను "దిగు, దిగు, లేటైతాంది" అని దింపిపోయాడు. నా మీద తుప్పు లేదు మరి, విలువ ఎట్లా తెలుస్తుంది?

షెడ్డు నల్గొండ దాటాక నకిరేకల్ పోయే దారిలో ఉంది. అక్కడ జరిగే పనిని పౌడర్ కోటింగ్ అంటారు. ఈ రంగు నీళ్లలాగా ఉండదు, పిండిలాగా ఉంటుంది. కరెంటు గన్నుతో చల్లితే ఇనుముకు అతుక్కుంటుంది. తర్వాత మనిషి నిలబడేంత బట్టీలో పెట్టి కాలిస్తే పిండి కరిగి, గాజు పూత పూసినట్టు గట్టిపడుతుంది. చూడవచ్చినవాళ్లు గన్ను పట్టిన మనిషితో ఫోటోలు దిగుతారు. ఆ రంగు ఊడిపోకుండా నిలబడాలంటే ముందు ఎంత చాకిరీ ఉందో ఎవరూ అడగరు. ఆ అడగని పని నాది.

మాది నేత కుటుంబం. మా దగ్గర చీర మీద బొమ్మ నేసిన తర్వాత అద్దేది కాదు. నేయకముందే నూలును చాపి, ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ గట్టిగా కట్లు కట్టి రంగులో ముంచుతాం. దాన్ని చిటికి కట్టడం అంటాం. కట్టేది దేనితో అనుకున్నారు? పాత సైకిలు ట్యూబులను సన్నగా కోసిన రబ్బరు పట్టీలతో. పెండ్లిలో పట్టుచీర కట్టుకొని తిరిగే అమ్మగార్లకు ఆ చీర పంక్చరు దుకాణం దయతో పుట్టిందని ఎవరూ చెప్పరు. ఏడేండ్ల వయసు నుంచి నా వేళ్లకు వచ్చిన విద్య అదొక్కటే. బడి విద్య అంకెల దాకా వచ్చి ఆగిపోయింది. అక్షరాలతో నాకు ముఖపరిచయం ఉంది గానీ మాటలు లేవు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు మా ఆయన పోయాడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. చీర సగమే అయింది. మిగతా సగం నేయడానికి మా మరిది వచ్చాడు, నేశాడు, చీరతో పాటు మగ్గం కూడా తీసుకుపోయాడు. మంచి మనిషి, ఏ పనీ సగంలో వదిలిపెట్టడు. సర్కారు ఆఫీసుల వాళ్లు సోమవారం సోమవారం చేనేత బట్టలు కట్టుకుంటామన్నారు. కట్టుకున్నారేమో. మా వాడలో మాత్రం సోమవారం కూడా ఒక్కో మగ్గం చప్పుడు ఆగిపోతూనే వచ్చింది. నేను నల్గొండ వచ్చి ఈ షెడ్డులో కుదిరాను.

కుదిరింది టబ్బు దగ్గర. వచ్చిన ఫ్రేముకు యాభై ఏండ్ల జిడ్డు ఉంటుంది. దాన్ని కిరోసిన్‌తో కడిగి, సోడా కలిపిన నీళ్లలో నానబెట్టి, గీకి, మళ్లీ కడగాలి. మూలల్లో గుంటలు పూడ్చడానికి ఎవరో ఎప్పుడో పెట్టిన పుట్టీని ఉలితో తీయాలి, లేకపోతే బట్టీలో అది పొంగుతుంది. గొట్టాల లోపల బేరింగుల గిన్నెలు మిగిలితే తట్టి ఊడదీయాలి. ఆ సోడాకు నా చేతుల తోలు లేచిపోయింది. గ్లౌజులు ఇచ్చారు, ఇవ్వలేదని చెప్పను. కుడి చేతివి రెండు ఇచ్చారు.

షెడ్డు యజమానిని అందరం సేటు అంటాం. నాకంటే పదేండ్లు చిన్న. పని చెప్పేటప్పుడు నన్ను "అక్కా" అంటాడు, పని చెడిపోతే "ఏమమ్మా" అంటాడు. పిలుపును బట్టే ఆ రోజు ఎట్లా గడుస్తుందో నాకు తెలిసిపోయేది.

టబ్బు తర్వాత ఫ్రేము ఇసుక గదికి పోతుంది. అక్కడ గాలి గొట్టంతో ఇసుక కొట్టి పాత రంగు, తుప్పు అన్నీ లేపేస్తారు. ఆ పని చేసే అతను కల్వకుర్తి దిక్కు గొర్లు కాసే ఇంటివాడు. తలకు పెద్ద తొడుగు వేసుకొని లోపలికి పోతూ "బొచ్చు కత్తిరిచ్చొస్త అక్కా" అనేవాడు. ఇసుక తిన్న ఇనుము బూడిద రంగులో తెల్లగా బయటికి వస్తుంది. ఇక దాన్ని ఒట్టి చేత్తో ముట్టకూడదు. చేతి నూనె అంటితే అక్కడ రంగు పట్టదు, కాలిన పొక్కులాగా లేస్తుంది. మడి కట్టుకున్నట్టే అనుకోండి. మా ఆయన పోయినప్పటి నుంచి మా చుట్టాల పెండ్లిళ్లలో పసుపు దంచే దగ్గరికి నన్ను రానివ్వరు. ఇక్కడేమో అంత మడి ఇనుమును తుడిచి, బట్టీకి తయారుచేసేది నేనే. మిగతా అందరినీ "ముట్టకుండ్రి, దూరం జరుగుండ్రి" అని అరిచేదాన్ని. ఆ సుఖం చెబితే తెలిసేది కాదు.

తుడిచాక మూసే పని ఉంటుంది. బోల్టు ఎక్కే మరల్లోకి, హ్యాండిలు తిరిగే మెడ గొట్టంలోకి, ఇరుసు కూర్చునే చోట రంగు పోకూడదు. పోతే బండి మళ్లీ బిగించలేరు. అందుకని సిలికాన్ బిరడాలు, వేడికి తట్టుకునే ఆకుపచ్చ టేపు పెట్టి మూస్తారు. టేబులు దగ్గర స్టూలు మీద కూర్చొని చేసే పని. నేను టబ్బు దగ్గర నిలబడి ఆ టేబులు వైపే చూసేదాన్ని. రంగు అంటకూడని చోట కట్టు కట్టడమే కదా, ఇంకేముంది?

ఒకరోజు లెక్కల సారు వచ్చాడు. నల్గొండలో కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. వాళ్ల నాన్న నడిపిన మోటరుసైకిలు ఫ్రేము తెచ్చాడు. దింపగానే మెడ గొట్టం మీద వేలు పెట్టి చూపించాడు. అక్కడ ఫ్యాక్టరీలో గుద్దిన నెంబరు వరుసగా ఉంది.

"సేటూ, గీ నెంబరు ఉంటెనే ఇది మా నాయిన బండి. పై వారం ఆర్టీవో ఆఫీసుల చూపియ్యాలె. నెంబరు కనబడకపోతె దొంగబండి అంటరు. ఇగ పాత సామాన్ల కింద తూకానికి ఏసుడే."

"ఫికర్ చెయ్యకుండ్రి సార్" అన్నాడు సేటు, ఫోన్లో ఇంకెవరికో అదే మాట చెబుతూ.

సారు పోయాక నావైపు తిరిగాడు. "అక్కా, టేబులు కాడ చేసేటామె పోయిన నెలనే మానేసింది గద. గీ ఫ్రేము నువ్వే కట్టు. మంచిగ చేస్తివంటె ఇగ టబ్బు కాడికి పోవుడు లేదు."

ఆ మాట నాకు చాలు. నేను ఆ ఫ్రేమును పసిబిడ్డను కడిగినట్టు కడిగాను. ఇసుక కొట్టి తెచ్చాక తుడుస్తుంటే మెడ మీద నా వేలు ఆగింది. నెంబరు సన్నబడింది. కంటికి కనిపిస్తోంది గానీ గుడ్డ లోంచి వేలికి సరిగా తగలడం లేదు.

"ఓ అన్నా, నెంబరు మీద కూడ కొట్టినవా?"

"అంతట కొట్టమన్నడు, అంతట కొట్టిన" అన్నాడు ఇసుక కొట్టే అతను. "కనబడుతాంది గదక్కా, ఇంకేం గావాలె?"

"సన్నబడ్డది. సేటుకు చెప్పాలె."

చెప్పాను. సేటు ఫోన్లో ఉండి చెయ్యి ఊపాడు. ఆ ఊపుడుకు సరే అని అర్థమో, పో అని అర్థమో నేను తేల్చుకోలేకపోయాను.

ఫ్రేమును తలకిందులు చేసి, గొట్టాల్లో చిక్కిన ఇసుక రాలేదాకా చెక్క సుత్తితో తట్టాను. రంగు వేయకముందే ఒకసారి బట్టీలో కాల్చి, లోపల దాగిన పాత గ్రీజును కక్కించి తుడిచాను. ఇక మూయాలి. డబ్బా తెరిస్తే బిరడాలు రెండే ఉన్నాయి. టేపు చుట్టలో అట్టముక్క మిగిలింది.

"సేటూ, టేపు లేదు, బిరడలు లేవు."

"హైదరాబాదుకెళ్లి రేపొస్తయి. ఇయ్యాల బట్టీ వెలిగిచ్చినం, ఖాళీగ ఉంచలేం. ఏదన్న చూడక్కా, జర దిమాక్ వాడు."

దిమాక్ వాడమన్నాడు కదా, వాడాను. ఎదురుగా పంక్చరు దుకాణానికి పోయి పాత ట్యూబులు అడుక్కొచ్చాను. కత్తెరతో సన్నగా పట్టీలు కోశాను. ఎన్నో ఏండ్ల తర్వాత వేళ్లకు పని దొరికింది. మరలున్న చోట్లా, ఇరుసు చోట్లా, మెడకు రెండు వైపులా వరుస తప్పకుండా చిటికి కట్టాను. నెంబరు మీద కూడా ఒక కట్టు వేశాను. మరిగే రంగులో గంటల కొద్దీ ఉడికినా ఈ రబ్బరుకు ఏమీ కాదు, నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. గన్ను పట్టే మనిషి కూడా చూసి "అబ్బ, జడ అల్లినట్టు కట్టినవు" అన్నాడు. నల్లటి పౌడరు చల్లి, బట్టీలో పెట్టి తలుపు మూశాడు. నేను స్టూలు తుడుచుకొని కూర్చున్నాను.

కాసేపటికి కంపు మొదలైంది. సేటు ముక్కు మూసుకొని బయటికి పరిగెత్తాడు.

"ఎవడ్రా టైరు కాలవెట్టింది? రోడ్డు మీద ధర్నా గిట్ల ఉన్నదా?"

ధర్నా బట్టీలో ఉంది. తలుపు తీస్తే నల్లటి పొగ. నా కట్లన్నీ కరిగి జారాయి. మెడ మీద తారు పోసినట్టు ముద్ద, దాని చుట్టూ రంగు పొక్కులు పొక్కులు. మరల్లోకి జిగురు దిగింది. అంత బాగా కట్టిన చిటికి నేను జన్మలో కట్టలేదు, అంత బాగా చెడిపోయిందీ లేదు.

సేటు నన్ను చూశాడు. "ఏమమ్మా" అన్నాడు.

నాకు అర్థమైంది.

"ఏమమ్మా, ఇది చీరెనా? పట్టు చీరెకు కట్టినట్టు కడ్తివి?"

"చీరె అయితె ఖరాబు కాకపోవు సేటూ."

"ఇంక మాట్లాడుతున్నవా?"

ఖర్మకొద్దీ లెక్కల సారు కూడా అదే సమయానికి రంగు ఎట్లా వచ్చిందో చూద్దామని వచ్చాడు. మెడ మీది ముద్దను వంగి చూశాడు. తర్వాత నాతో మెల్లగా అన్నాడు. "మరిగే నీళ్లు నూరు డిగ్రీలే గదమ్మా. బట్టీ దానికి రెట్టింపుంటది. రబ్బరు ఎట్ల ఆగుతది?"

లెక్కల సారు కదా, లెక్క తప్పకుండా చెప్పాడు. పాడైన తర్వాత చెప్పే లెక్క ఎప్పుడూ తప్పదు.

"మరి నెంబరు?" అన్నాడు సారు. ఆ ముద్ద కింద నెంబరు ఉందో లేదో ఎవరికీ కనిపించలేదు.

"మళ్ల ఇసుక కొట్టుడే" అన్నాడు సేటు.

ఇసుక కొట్టే అతను తొడుగు తీసి చంకలో పెట్టుకున్నాడు. "కొడ్త. గని నెంబరుకు నేను జిమ్మేదారు కాదు. మొదటిసారికే సన్నబడ్డది. ఇంకోసారి కొడితె నున్నగ గుండు చేసినట్టే."

"సన్నబడ్డదా? గీ ముచ్చట గిప్పుడా చెప్పేది?"

"అక్క గప్పుడే చెప్పింది. నువ్వు ఫోన్ల ఉంటివి."

సేటు ఒక్క నిమిషం ఎవరినీ తిట్టలేకపోయాడు. ఆ నిమిషం అయిపోయాక మళ్లీ నా మీదే పడ్డాడు. "జూడమ్మా, సారుకు నెంబరు దొరకాలె. దొరికితె నువ్వుంటవు. లేకపోతె ఇగ రాకు."

సారు కూడా ఏమీ అడ్డం చెప్పలేదు. తన బాధలో తాను ఉన్నాడు పాపం. నాన్న బండి కదా.

నేను మెడ దగ్గర గోనెసంచి పరుచుకొని కూర్చున్నాను. ఇనుప ఉలి పెడితే నెంబరు గీసుకుపోతుంది. వెదురు పుల్లను చెక్కి, దానికి దూది చుట్టి, థిన్నరులో ముంచి ముద్దను నానబెడుతూ కొంచెం కొంచెం తీశాను. కింద, కట్టు జారినప్పుడు కరిగి దిగిన రంగు వచ్చింది. దానికి రంగు లేపే మందు పూసి, మళ్లీ పుల్ల. మరల్లో దిగిన జిగురునూ అట్లే తీశాను. రెండు రోజులు అదే పని. ఇసుక కొట్టే అతను అన్నం తినడానికి పోతూ వస్తూ ఆగేవాడు.

"ఎంత దాక వచ్చినవక్కా?"

"ఏడు దాక."

"ఏడు అంకెలా?"

"కాదు, ఏడు అనే అంకె దాక."

రెండో రోజు మధ్యాహ్నానికి నెంబరంతా బయటపడింది. చివరి నుంచి రెండో అంకె మాత్రం మూడో, ఎనిమిదో తెలియలేదు. అంత సన్నబడింది. మిగతా ఫ్రేముకేమో పొక్కులు ఉన్నాయి. ఇసుక కొట్టక తప్పదు, కొడితే నెంబరు ఉండదు. నేను నీళ్లు తాగుదామని లేచి ఇసుక గది వాకిట్లో నిలబడ్డాను. అప్పుడు చూశాను. ఆ గది ఇనుప తలుపు ఇసుక దెబ్బలకు చెక్కుకుపోయి బొక్కలు పడింది. దాని పక్కనే గోడకు వేలాడదీసిన పాత రబ్బరు షీట్లు మాత్రం చెక్కుచెదరలేదు. రోజూ చూసేవే.

"అన్నా, గీ రబ్బరుకు ఇసుక తాకదా?"

"తాకుతది, ఎగిరి పడ్తది. మెత్తగుంటది గద, కొరకరాదు. అందుకే ఏలాడేసిన."

నేను మళ్లీ ట్యూబు తీశాను. సేటు చూసి తల పట్టుకున్నాడు.

"ఇంకోసారి రబ్బరా? నీకు రబ్బరు తోటి పెండ్లైందా ఏంది?"

"బట్టీల పెట్టను సేటూ. ఇసుకలనే. ముందుగాల పాత ముక్క మీద చూస్త, పోయేదేమున్నది?"

పారేసిన పాత బండి స్టాండు ఒకటి మూలకు ఉంది. ఎర్ర రంగుది. దాని నడుమ రబ్బరు పట్టీని మూడు వరుసలు లాగి, అడ్డం నిలువు చిటికి కట్టాను. ఇసుక కొట్టే అతను కొట్టి తెచ్చాడు. అంతా తెల్లటి ఇనుము. కట్టు విప్పితే కింద ఎర్ర రంగు అంచు కూడా చెదరకుండా అట్లే ఉంది, పడుగు మీద బొమ్మ నిలిచినట్టు.

"అరె!" అన్నాడు అతను. సేటు మాత్రం ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ షెడ్డులో అంతకంటే పెద్ద సన్మానం లేదు.

నెంబరు మీద నాలుగు వరుసలు కట్టాను. కట్టేటప్పుడు ఆ తెలియని అంకె మీద ముడి రాకుండా జరిపాను. ఇసుక గది తలుపు మూసుకున్నాక బయట నిలబడ్డాను. ఆ హోరు వింటుంటే అతను నా వీపు మీద కొడుతున్నట్టే ఉంది. బయటికి తెచ్చాక కట్టు నేనే విప్పాను, ఎవరినీ ముట్టనివ్వలేదు. నెంబరు ఎంతుందో అంతే ఉంది.

ఈలోపు హైదరాబాదు నుంచి బిరడాలు, టేపు వచ్చాయి. రేపు వస్తాయన్నవి నాలుగో రోజుకు వచ్చాయి. ఈసారి మరలన్నీ బిరడాలతో, నెంబరును ఆకుపచ్చ టేపుతో మూసి, తుడిచి, కాల్చి, మళ్లీ తుడిచి ఇచ్చాను. రంగు ముఖం కనిపించేంత నల్లగా వచ్చింది. టేపు తీసిన చోట మాత్రం ఒట్టి ఇనుము, దాని మీద నెంబరు.

సారు పాత బండి పుస్తకం పట్టుకొని వచ్చాడు. ఆఫీసులో నెంబరును కంటితో చూసి వదలరట. కాగితం ఆనించి, పెన్సిలుతో రుద్ది ముద్ర తీసుకుంటారట. ముందు ఇక్కడే తీసి చూద్దామన్నాడు. కాగితం పెట్టి ఆయనే గట్టిగా ఒత్తి రుద్దాడు. ఒక్కొక్క అంకె తెల్లగా పైకి తేలింది. చివరి నుంచి రెండోది తేలలేదు.

"మూడు లెక్క ఉన్నది" అన్నాడు సేటు.

"పుస్తకంల ఎనిమిది ఉన్నది" అన్నాడు సారు. ముఖం మాడిపోయింది.

నాకు ఇక ఊరుకోబుద్ధి కాలేదు. "సారూ, జర జరుగుండ్రి. గట్ల ఒత్తి రుద్దితె లోతు లేనిది తేలదు. పెన్సిలు పండవెట్టి మెల్లగ పోనియ్యాలె."

లెక్కల సారుకు పెన్సిలు పట్టుకోవడం నేను నేర్పాను. ఇది రాసుకునేవాళ్లు గీత గీసి రాసుకోవాలి. కొత్త కాగితం ఆనించి, నేనే పెన్సిలు పండబెట్టి, నూలు మీద దువ్వెన పోయినట్టు పైపైన పోనిచ్చాను. మొదట కుడివైపు వంపులు వచ్చాయి. తర్వాత ఎడమవైపు కూడా సన్నగా, వెంట్రుక మందాన రెండు వంపులు. ఎనిమిది.

సారు కాగితాన్ని వెలుగుకు పట్టి చూశాడు. ఏదో అందామని నావైపు తిరిగి, చివరికి సేటు చేతులు రెండూ పట్టుకొని, "మీ పనితనం గొప్పది సేటూ" అన్నాడు.

"మా కాడ చేనేత టెక్నిక్ సార్. ఇంకెక్కడ లేదు" అన్నాడు సేటు, రెప్ప కొట్టకుండా.

ఇసుక కొట్టే అతను నన్ను చూసి తొడుగు లోపల నవ్వాడు. తొడుగు ఊగితే తెలిసింది.

మరునాడు నేను టబ్బు దగ్గరికి పోలేదు. ఎవరూ పొమ్మనలేదు, రమ్మనలేదు. స్టూలు లాక్కొని టేబులు దగ్గర కూర్చున్నాను. సేటు వచ్చి చూసి, పంక్చరు దుకాణం నుంచి తెప్పించిన ట్యూబుల గోనెసంచి నా పక్కన పెట్టి, "అక్కా, చాయ్ తాగినవా?" అన్నాడు. ఇప్పుడు హైదరాబాదు నుంచి వచ్చే బండ్లవాళ్లకు నన్ను చూపించి "చిటికి స్పెషలిస్టు" అంటాడు. వాళ్లు నాతో ఫోటో దిగుతారు. నేను ఫ్రేమును ముట్టకుండా జరగమంటాను.

ఆ మధ్య ఏపీ పోయి టీఎస్ అయింది, టీఎస్ పోయి టీజీ అయింది. బండ్ల ముందు రాతలు ఎన్నిసార్లయినా మారనీయండి. ఆ రోజు నేను రుద్దిన కాగితాన్ని సారు ఆఫీసుకు తీసుకుపోయాడు. ఆయన బండి తీసుకుపోకముందే ఇంకొకటి రుద్ది నేను దాచుకున్నాను. మా ఇంట్లో రేషను కార్డు మడతలో ఉంది. తడబడకుండా నేను మొదటి నుంచి చివరిదాకా చదవగలిగిన రాత అదొక్కటే. చివరి నుంచి రెండోది ఎనిమిది. ఎవరైనా మూడు అంటే నేను ఊరుకోను.